పాంప్లెట్లా, గూగులా, రీల్సా? నెలకు పదివేలతో చిన్న వ్యాపారానికి ఏది ముందు

షాపు పెట్టి ఆర్నెల్లు దాటాక అందరికీ ఒకటే ప్రశ్న వస్తుంది, పబ్లిసిటీకి డబ్బులు పెడదామా, పెడితే దేనిమీద పెడదాం అని. ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్తారు. ప్రింటింగ్ ప్రెస్సాయన పాంప్లెట్లు కొట్టించమంటాడు, మేనల్లుడు ఇన్‌స్టాలో రీల్స్ చెయ్యమంటాడు, ఎక్కడినుంచో ఫోన్ చేసిన అమ్మాయి నెలకు 15 వేల ప్యాకేజీ తీసుకోమంటుంది, పక్కషాపాయనేమో ఇవన్నీ దండగ, నోటిమాట చాలు అంటాడు. నలుగురూ అబద్ధం చెప్పట్లేదు. ఎవరికి తెలిసిన వ్యాపారం గురించి వాళ్లు చెప్తున్నారు, అంతే. మీది ఏ రకం వ్యాపారమో చూసుకోకుండా ‘వీటిలో ఏది బెస్ట్’ అని అడిగితే జవాబు దొరకదు.

అందుకని ముందు ఒకటి తేల్చుకోండి. కస్టమర్ మీ దగ్గరికి ఎలా వస్తాడు? అవసరం పడి వెతుక్కుంటూ వస్తాడా, రోజూ దారిలో చూసి అలవాటు పడతాడా, లేదంటే మీ పనితనం కళ్లతో చూసి నచ్చితే వస్తాడా? ఏసీ మెకానిక్, వాటర్ ప్యూరిఫయర్ సర్వీసు, పళ్ల డాక్టరు, ఇల్లు మారేటప్పుడు సామాను చేరవేసేవాళ్లు మొదటి రకం. కర్రీ పాయింట్, టిఫిన్ సెంటర్, కిరాణా, పచ్చళ్లు పిండివంటలు చేసేవాళ్లు రెండో రకం. మగ్గం వర్క్ బొటిక్, పెళ్లి ఫోటోగ్రాఫర్, ఇంటీరియర్, బ్రైడల్ మేకప్ మూడో రకం. రెండు చోట్లా పడేవీ ఉంటాయి. బేకరీనే తీసుకోండి, రోజూ సాయంత్రం ఎగ్ పఫ్ తినేవాడు రెండో రకం, రాత్రి తొమ్మిదింటికి పుట్టినరోజు కేకు కోసం ఫోన్లో వెతికేవాడు మొదటి రకం. అలాంటప్పుడు లాభం ఎటునుంచి ఎక్కువ వస్తోందో అటువైపు ముందు డబ్బు పెట్టాలి.

వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటే

ఫ్రిజ్ ఆగిపోయినవాడు మీ రీల్ ఎప్పుడో చూసే ఉంటాడు, లైక్ కూడా కొట్టి ఉంటాడు, కానీ లోపల పాలు విరిగిపోతున్న ఆ నిమిషంలో మీరు గుర్తురారు. ఫోన్ తీసి ‘ఫ్రిజ్ రిపేర్ నియర్ మీ’ అని కొడతాడు, మ్యాప్‌తో పాటు పైన కనిపించే రెండు మూడు పేర్లలో రేటింగ్ బాగున్నవాళ్లకి ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే కిందవాళ్లకి చేస్తాడు. మొత్తం వ్యవహారం రెండు నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి ఈ రకం వ్యాపారానికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (2021 దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు) పెట్టుకోకుండా ఇంకో రూపాయి ఎక్కడ ఖర్చుపెట్టినా దండగే.

ఇది పూర్తిగా ఉచితం. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లిస్టింగ్ ఆగిపోతుంది, 3 వేలు కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టెయ్యండి, ప్రొఫైల్ ఉంచడానికి గూగుల్ డబ్బులు తీసుకోదు. వెరిఫికేషన్‌కి ఈమధ్య ఎక్కువగా వీడియో అడుగుతోంది, అందులో మీ వీధి, బోర్డు, లోపల సామాను, మీరే తాళం తీసి షట్టర్ ఎత్తడం లాంటివి కనపడాలి, కట్ చేసి అతికించిన వీడియో పనికిరాదు. పేరు దగ్గర చాలామంది అతితెలివికి పోతారు. షాపు పేరు పక్కన ‘బెస్ట్ ఏసీ రిపేర్ ఇన్ విజయవాడ’ అని తగిలిస్తే పైకి వస్తామనుకుంటారు, అది రూల్స్‌కి విరుద్ధం, ఎవరైనా కంప్లయింట్ చేస్తే ప్రొఫైలే సస్పెండ్ అవ్వొచ్చు. బోర్డు మీద ఏముందో అదే పెట్టండి, కేటగిరీ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, ఆదివారం టైమింగ్స్, పండగ సెలవులు మార్చడం మర్చిపోకండి. మూసి ఉన్న షాపు దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాడు ఒక్క స్టారే ఇస్తాడు, అందులో వాడి తప్పేం లేదు.

రివ్యూలు అడగడానికి మొహమాటపడకండి. పని అయిపోయి, డబ్బులిచ్చి, కస్టమర్ ‘థ్యాంక్సండీ’ అన్న ఆ క్షణంలో వాట్సాప్‌లో రివ్యూ లింకు పంపితే చాలామంది రాస్తారు, రేపు పంపుదాంలే అనుకుంటే రాయరు. రివ్యూ రాస్తే 50 రూపాయలు తగ్గిస్తాం అనడం మాత్రం గూగుల్ పాలసీకి వ్యతిరేకం. చుట్టాలందరి చేతా ఒకేరోజు ఫైవ్ స్టార్లు కొట్టించినా చూసేవాళ్లకి తెలిసిపోతుంది, ఒక్కరూ ఏ పని చేయించుకున్నారో రాయరు కదా. చెడ్డ రివ్యూకి జవాబు రాసేటప్పుడు, దాన్ని చదవబోయేది ఆ తిట్టినాయన ఒక్కడే అనుకోకండి, రేపు ఫోన్ చెయ్యబోయే పదిమందీ అదే చదువుతారు. వాట్సాప్‌లో కోపంగా ఇచ్చిన ఒక్క జవాబు బయటికొచ్చి అందరి ఫోన్లలో తిరిగి, బాగా నడుస్తున్న వ్యాపారాలే రోడ్డునపడటం మనవాళ్లంతా చూశారు.

ఇక డబ్బులు పెట్టే గూగుల్ యాడ్స్ ఎప్పుడు? ప్రొఫైల్‌కి ఓ ముప్పై నలభై నిజమైన రివ్యూలు వచ్చాక, ఫోన్ ఎత్తడానికి మనిషి ఉన్నప్పుడు. క్లిక్కుకి ఇంత అని పడుతుంది, ఊరిని బట్టీ, పనిని బట్టీ రేటు మారుతుంది. క్లిక్కు 30 రూపాయలు అనుకుందాం. పది క్లిక్కులకి ఇద్దరు ఫోన్ చేసి, ఆ ఇద్దరిలో ఒకరు పని ఇస్తే, ఒక్కో పనికి 300 ఖర్చయినట్టు. గ్యాస్ ఫిల్లింగ్‌లో మీకు 800 మిగిలితే యాడ్ వేసుకోవచ్చు, 250 విజిటింగ్ ఛార్జీ కోసం పరిగెత్తేవాళ్లయితే చేతినుంచి పోతుంది. సెట్టింగుల్లో రెండు చూసుకోండి. ఒకటి లొకేషన్: మొదటే పెట్టి ఉండే ఆప్షన్‌లో మీ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు మీ ఊరి మీద ఆసక్తి చూపించినవాళ్లకి కూడా యాడ్ వెళ్తుంది, అంటే వరంగల్ మెకానిక్ యాడ్‌ని ఎక్కడో పూణేలో ఉన్నాయన నొక్కినా డబ్బులు మీవే. దాన్ని ఊళ్లో ఉన్నవాళ్లకే అని మార్చండి. రెండోది నెగెటివ్ కీవర్డ్స్, అంటే ఏ మాటలు కొట్టి వెతికినవాళ్లకి మీ యాడ్ చూపించకూడదో ఆ జాబితా: ‘కోర్సు’, ‘జాబ్స్’, ‘ఫ్రీ’ లాంటి మాటలు అందులో వెయ్యకపోతే ఏసీ రిపేర్ నేర్చుకుందామనుకునే కుర్రాళ్లంతా మీ యాడే నొక్కుతారు.

లీడ్స్, అంటే పని కావాలని అడిగినవాళ్ల ఫోన్ నంబర్లు, అమ్మే సైట్ల సంగతి చెప్పాలంటే, మీకిచ్చిన అదే నంబర్ ఇంకో నలుగురైదుగురికి కూడా వెళ్తుంది, ముందు ఎవరు ఫోన్ చేస్తే వాళ్లదే. రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చునే మనిషి ఉంటే పనికొస్తుంది, మీరే స్క్రూడ్రైవర్ పట్టుకుని పైకెక్కి ఉంటే పనికిరాదు. ఏడాది ప్యాకేజీ ఒకేసారి కట్టమంటే కట్టకండి. ఇండియామార్ట్ లాంటివి వేరే లెక్క, మీరు మిషన్లు, ప్యాకింగ్ మెటీరియల్, గ్రానైట్ లాంటివి ఇతర వ్యాపారులకి అమ్మేవాళ్లయితే అవే మీకు బజారు.

అలవాటు మీద నడిచే వ్యాపారాలు

కర్రీ పాయింట్‌కి కావలసింది లక్ష వ్యూస్ కాదండీ, కిలోమీటరు లోపల ఉన్న మూడొందల ఇళ్లు. అందులోనూ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు, బ్యాచిలర్ కుర్రాళ్లు, వంట ఓపిక లేని పెద్దవాళ్లు. వీళ్లకి మీరున్నారని తెలియాలి, ఒకసారి తినాలి, మళ్లీ రావాలి. ఈ మూడో పనిమీద ఎవరూ పైసా ఖర్చుపెట్టరు, అందరూ మొదటిదాని మీదే పెడతారు, డబ్బులు పోయేది అక్కడే.

మొదటిదానికి బోర్డుని మించింది లేదు. షాపు పైన గోడకి ఆనించి పెట్టిన బోర్డు ఎదురుగా నిలబడ్డవాడికే కనిపిస్తుంది, బండి మీద పోయేవాడికి కనిపించాలంటే రోడ్డువైపుకి పొడుచుకొచ్చే చిన్న లైట్ బోర్డు ఒకటి రెండువైపులా కనపడేలా ఉండాలి, దానిమీద ‘కర్రీస్’ అన్న ఒక్క మాట పెద్దగా ఉంటే చాలు. ఫ్లెక్సీల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మున్సిపాలిటీ పర్మిషన్ ఒకటి, పైగా ఏ నాయకుడి పుట్టినరోజో వచ్చిందంటే మీ ఫ్లెక్సీ ఆయన నవ్వు వెనక్కి పోతుంది.

పాంప్లెట్లు చచ్చిపోయాయని ఇన్‌స్టా కుర్రాళ్లు అంటారు గానీ అదేం లేదు, మీ వీధుల వరకే పంచితే పనిచేస్తాయి. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక చిన్న ఊళ్ల షాపులవాళ్లు కూడా పేపర్లో ప్రకటనలివ్వగలిగారు, ఎందుకంటే రాష్ట్రమంతటికీ డబ్బు కట్టక్కర్లేదు, తమ జిల్లాకి కడితే చాలు. పాంప్లెట్‌కీ అదే సూత్రం, మీ కస్టమర్ ఉండే చోటికే డబ్బు కట్టాలి. పేపర్ ఏజెంటుతో మాట్లాడి ఊరంతా కాకుండా మీ చుట్టూ ఉన్న రెండు మూడు లైన్లకే పెట్టించండి, పేపర్ వేసే అబ్బాయికి ఓ వంద చేతిలో పెడితే లోపలి పేజీల్లో దూర్చకుండా పైన కనపడేలా పెడతాడు. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పేపర్ వేయించుకునేవాళ్లు తగ్గారు, అక్కడ వాచ్‌మన్‌ని పలకరించి, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టించుకోవడం పాంప్లెట్ కంటే మేలు. కాగితం మీద ‘ఈ కాగితం తెస్తే పప్పు కప్పు ఫ్రీ’ అని రాయండి. ఎన్ని కాగితాలు వెనక్కొచ్చాయో లెక్కపెడితే ఖర్చు తేలుతుంది. 2,000 కాగితాలకి ప్రింటింగూ పంపకమూ కలిపి 3,000 అయ్యాయి, 30 మంది వచ్చారు అనుకుందాం, మనిషికి వంద. ఆ ముప్పైమందిలో పదిమంది వారానికి మూడుసార్లు వచ్చి, వచ్చినప్పుడల్లా మీకు 30 రూపాయలు మిగిలిస్తే, మనిషికి వారానికి 90, పదిమందికి 900, అంటే నెల తిరక్కుండానే పెట్టుబడి వెనక్కొచ్చేసింది. పదిమంది బదులు ఒక్కరే నిలిస్తే ఎనిమిది నెలలు పడుతుంది, అప్పుడు చూసుకోవాల్సింది పాంప్లెట్‌ని కాదు, కూరలో ఉప్పుని.

ఆటోకి మైకు కట్టి తిప్పడం ఓపెనింగ్ రోజుకీ, ఎగ్జిబిషన్‌కీ బాగుంటుంది, పోలీసు పర్మిషన్ ఉండాలి, రోజూ చేస్తే తిట్లు తింటారు. లోకల్ కేబుల్ స్క్రోలింగ్ ఇప్పుడు ఎవరు చూస్తున్నారో మీ వీధిలోనే పదిమందిని అడిగి చూడండి.

ఇక అసలైనది వాట్సాప్. 2018లో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చింది, ఉచితం, కేటలాగ్ పెట్టుకోవచ్చు, కస్టమర్లకి లేబుల్స్ వేసుకోవచ్చు, మాటిమాటికీ అడిగేవాటికి రెడీమేడ్ జవాబులు పెట్టుకోవచ్చు. చాలామంది చేసే పని ఏంటంటే ఒక గ్రూప్ పెట్టి కస్టమర్లందర్నీ అందులో పడేస్తారు. అలా చెయ్యకండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఆడవాళ్ల నంబర్లు తెలియనివాళ్ల చేతుల్లో పడతాయి, ఒక్కరికి ఇబ్బంది కలిగినా షాపు పేరు పోతుంది, పైగా రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగులు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి, ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు, మెసేజ్ ఎవరికి వాళ్లకి విడిగా వెళ్తుంది. ఒక మెలిక ఉంది, మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకే కౌంటర్ దగ్గర క్యూఆర్ అంటించి, ‘రోజూ పదకొండింటికి మెనూ పంపుతాం, నంబర్ సేవ్ చేసుకోండమ్మా’ అని నోటితో చెప్పాలి. సేవ్ చేసుకున్నవాళ్లు వందమందే ఉన్నా చాలు, పదకొండింటికి ‘ఈరోజు గోంగూర మటన్, దొండకాయ ఫ్రై, ముద్దపప్పు’ అని వెళ్తే ఆఫీసులో కూర్చున్నావిడకి సాయంత్రం ఏం చెయ్యాలన్న టెన్షన్ పోతుంది. ఫోటో మీ గిన్నెదే అవ్వాలి, గూగుల్లోంచి తీసింది పెడితే ఇట్టే తెలిసిపోతుంది. రోజుకి ఒక్క మెసేజ్ చాలు. ‘ఆపెయ్యండి’ అన్నవాళ్లని ఆ రోజే తీసెయ్యండి.

కస్టమర్లు వేలల్లో ఉంటే ఏదైనా కంపెనీ ద్వారా వాట్సాప్ ఏపీఐ (ఒకేసారి వేలమందికి మెసేజ్ పంపే ఏర్పాటు) తీసుకోవచ్చు, ప్రచార మెసేజ్‌కి ఇంత అని పడుతుంది, మధ్యలో ఉన్న కంపెనీ నెల ఫీజు వేరు. ఐదొందలమంది లోపు ఉన్నవాళ్లకి అది అక్కర్లేదు. బల్క్ ఎస్సెమ్మెస్ ఇంకా ఉందిగానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (ఎస్సెమ్మెస్ పంపే వ్యాపారాల నమోదు వ్యవస్థ) రిజిస్టర్ అవ్వాలి, పంపే మేటర్‌ని కూడా ముందే అప్రూవ్ చేయించుకోవాలి. చిన్న షాపుకి అన్ని తిప్పలు అవసరమా అనిపిస్తుంది నాకైతే.

స్విగ్గీ, జొమాటోలో చేరాలా వద్దా? దీనిమీద వాదనలు ఎక్కువ, లెక్కలు తక్కువ. కమిషన్ ఒప్పందాన్ని బట్టి సుమారు 15 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. 200 రూపాయల ఆర్డరు, 25 శాతం అనుకుంటే 50 పోయింది, ఆ కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 9, మీ చేతికి 141. యాప్‌లో ఆఫర్ పెడితే అందులో మీ వాటా కూడా దీంట్లోంచే పోతుంది. సరుకు, గ్యాస్, మనిషి కూలీ, డబ్బా కలిపి 110 అయితే 31 మిగిలినట్టు, 140 అయితే మీరు సేవ చేస్తున్నట్టు. బిర్యానీకి ఇది గిట్టుబాటు అవుతుంది, 60 రూపాయల కూర కప్పుకి అవ్వదు. అన్నిటికంటే ముఖ్యం, యాప్‌లో కొన్నాయన ఫోన్ నంబర్ మామూలుగా మీకు రాదు, మళ్లీ ఆయన్ని పిలవాలంటే మళ్లీ యాప్‌కే కట్టాలి. కొత్త ఏరియాలో పేరు తెలియడానికి ఓ ఆరునెలలు వాడుకోండి, మొత్తం వ్యాపారం దానిమీదే నిలబెట్టకండి.

పచ్చళ్లు, స్వీట్లు పార్సిల్ చేసేవాళ్లు కూడా ఈ రకమే, ఒక్క తేడా, వాళ్ల కిలోమీటరు హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్ దాకా సాగుతుంది. అక్కడ మొదటి ఆర్డర్ తెచ్చుకోవడానికి పడే ఖర్చు ఎక్కువ, అందుకే రెండో ఆర్డర్ రాకపోతే లాభం మొహం చూడరు. పార్సిల్ చేరిన నాలుగోరోజు ‘సీసా కారలేదు కదండీ, ఉప్పు సరిపోయిందా’ అని ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. ఏ యాడూ అంత పని చెయ్యదు. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబర్, తయారీ తేదీ లేకుండా మాత్రం పంపొద్దు, చట్టం సంగతి అటుంచి, కొత్త కస్టమర్ మొదట చూసేది అదే.

చూసి కొనేవాటికి రీల్స్

2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధించారు, జులైలో ఇన్‌స్టా రీల్స్ మన దగ్గరికొచ్చింది, అప్పట్నుంచి బొటిక్‌ల జాతకమే మారిపోయింది. ఒకప్పుడు బ్లౌజ్ వర్క్ చూపించాలంటే ఆల్బమ్ పట్టుకుని కూర్చోవాలి, ఇప్పుడు గుంటూరు సందులో ఉన్నావిడ చేసిన మగ్గం వర్క్ చూసి న్యూజెర్సీ నుంచి కొలతలు పంపుతున్నారు. కాబట్టి మూడో రకంవాళ్లు రీల్స్ చెయ్యాల్సిందే, ఖర్చు ఎంత అన్నదే ప్రశ్న.

మొదటి ఖర్చు మీ టైమే. సూది నడుస్తుండగా తీసిన ఇరవై సెకన్లు, కస్టమర్ వేసుకుని అద్దంలో చూసుకునే ఐదు సెకన్లు (అడిగి తీయండి), చివర్లో ధర. ధర చెప్పండి. ‘డీఎం ఫర్ ప్రైస్’ (ధర కావాలంటే మెసేజ్ చెయ్యండి) అని పెట్టేవాళ్లని చూస్తే నాకు విసుగు, అడిగేవాళ్లలో సగం మంది ఊరికే అడుగుతారు, నిజంగా కొనేవాళ్లలో సగం మంది మొహమాటంతో అడగరు. యజమానే కనిపించి మాట్లాడితే నమ్మకం వేరు. లలితా జ్యువెలరీ కిరణ్ కుమార్ హీరోయిన్లని పెట్టకుండా తనే నిలబడి, డబ్బులు ఎవరికీ ఊరికే రావు, ఎస్టిమేట్ ఫోటో తీసుకుని నాలుగు షాపుల్లో అడిగి చూసుకోండి అని చెప్పడం తెలుగువాళ్లందరికీ నోటికొచ్చేసింది. అందులో ఆయన చొక్కా కంటే గమనించాల్సింది, వేరే షాపుతో పోల్చుకోమని ఆయనే చెప్పడం. మీ పనిమీద మీకంత ధీమా ఉంటే ఆ దారి మీకూ ఉంది.

లోకల్ ఇన్‌ఫ్లుయెన్సర్‌కి డబ్బిచ్చి చేయించుకోవాలా, ఆ డబ్బు యాడ్స్‌కే పెట్టాలా? ఫాలోవర్లు రెండు లక్షలు అన్నది పట్టించుకోకండి. వాళ్ల ఇన్‌స్టా అకౌంట్‌లో ఇన్‌సైట్స్ అనే లెక్కల పేజీ ఉంటుంది, అందులో ఏ ఊరివాళ్లు ఎంత శాతం అని చూపిస్తుంది, ఆ స్క్రీన్ చూపించమని అడగండి. మీది ఖమ్మం అయితే, ఖమ్మంవాళ్లు 3 శాతమే ఉంటే, రెండు లక్షల్లో మీకు పనికొచ్చేది 6 వేలే. ఇరవై వేల ఫాలోవర్లున్న, ఖమ్మం వాళ్లే సగమున్న పేజీ దానికంటే నయం, అడిగేదీ తక్కువే. చూపించనంటే అక్కడితో మాట ముగించండి. డబ్బులు తీసుకుని చేసిన వీడియో అయితే ప్రకటన అని అందులో స్పష్టంగా ఉండాలి, 2021లో ప్రకటనల రంగం సొంతంగా పెట్టుకున్న మండలి ఏఎస్‌సీఐ, 2023లో కేంద్ర వినియోగదారుల శాఖ ఈ విషయంలో నిబంధనలు పెట్టాయి.

మెటా యాడ్స్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్స్) చాలామంది డబ్బులు పోగొట్టుకునేది ఆ నీలం ‘బూస్ట్’ బటన్ దగ్గర. ఊరికే నొక్కితే లైకులు కొట్టేవాళ్లకి చూపిస్తుంది, లైకులు కొట్టేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, యాడ్ నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే రకం ఎంచుకోండి, మ్యాప్ మీద మీ షాపు దగ్గర పిన్ పెట్టి చుట్టూ కొన్ని కిలోమీటర్లకే కుదించండి. రోజుకి రెండొందలు చొప్పున వారం నడపండి. వారంలో మెసేజ్ చేసినవాళ్లని లెక్కపెట్టకండి, అడ్వాన్స్ ఇచ్చినవాళ్లని లెక్కపెట్టండి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ అదనం, జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లు అకౌంట్‌లో అది ఎక్కిస్తే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి అంత తగ్గుతుంది, కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకి రాదు.

ట్యూషన్లు, ప్లేస్కూళ్లు ఏ రకంలోనూ సరిగ్గా ఇమడవు. ఫోన్లో యాడ్ చూసి పిల్లల్ని చేర్పించేవాళ్లు తక్కువ, పక్కింటావిడని అడిగి చేర్పిస్తారు. వాళ్లు యాడ్స్‌కి పెట్టే డబ్బుతో ఒక ఆదివారం పిల్లలకి డ్రాయింగ్ పోటీ పెట్టి తల్లిదండ్రుల్ని లోపలికి రానిస్తే ఎక్కువ లాభం.

డిస్కౌంటా, అదనంగా ఇవ్వడమా

నూటికి 30 మిగిలే సరుకు మీద 10 శాతం డిస్కౌంట్ ఇస్తే మీ లాభం 20కి పడుతుంది, అంటే అదే లాభం రావాలంటే అమ్మకం ఒకటిన్నర రెట్లు కావాలి. ఇది వేసుకోకుండానే చాలామంది ‘ఫ్లాట్ 20 పర్సెంట్’ బోర్డు పెట్టేస్తారు. పైగా డిస్కౌంట్‌కి అలవాటైనవాడు అది తీసేశాక మోసపోయినట్టు ఫీలవుతాడు. అదనంగా ఇవ్వడం నయం, పదోసారి కొన్నప్పుడు ఒకటి ఫ్రీ, కిలో పచ్చడికి వంద గ్రాముల కందిపొడి. వంద గ్రాముల పొడి కస్టమర్‌కి షాపు రేటులో కనిపిస్తుంది, మీకు పడేది తయారీ ఖర్చే. చిక్ షాంపూవాళ్లు తమిళనాడులో చేసింది గుర్తుచేసుకోండి, ముందు ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ సాషేలు తెస్తే ఒక చిక్ సాషే ఉచితం అన్నారు, జనం వాడటం మొదలుపెట్టాక ఐదూ చిక్‌వే అయ్యుండాలని మార్చారు. మొదట పక్కవాడి కస్టమర్‌ని లాగారు, తర్వాత తమ దగ్గర నిలబెట్టుకున్నారు. ఒకే ఆఫర్‌తో రెండూ చెయ్యాలనుకోలేదు.

పదివేలుంటే

మెకానిక్ అయితే నేను 7 వేలు గూగుల్ యాడ్స్‌కి, మిగతాది బండి మీద, టీషర్టు మీద ఫోన్ నంబర్ పెద్దగా రాయించడానికి పెడతాను. కర్రీ పాయింట్ అయితే మొదటి నెల లైట్ బోర్డుకే మొత్తం, రెండో నెల చుట్టుపక్కల వీధులకి పాంప్లెట్లు, మూడో నెల నుంచి దాదాపు ఏమీ అక్కర్లేదు, ఆ డబ్బుతో పాత కస్టమర్లకి శనివారం స్వీటు కప్పు ఇస్తే సరి. బొటిక్ అయితే 2 వేలు పెట్టి మంచి లైటూ ఫోన్ స్టాండూ ఒకసారి కొనుక్కుని, మిగతాది సీజన్‌లో యాడ్స్‌కి. ఎవరైనా సరే కౌంటర్ మీద ఒక నోట్‌బుక్ పెట్టి, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ ‘మా గురించి ఎలా తెలిసిందండీ’ అని అడిగి ఒక గీత గీయండి. నెలాఖరుకి ఆ గీతలు చెప్పేదాన్ని నమ్మండి, నేను చెప్పిందానికి అది వేరుగా ఉంటే నాది వదిలెయ్యండి.

నెలకు 15 వేల ఏజెన్సీ ప్యాకేజీల్లో సాధారణంగా పన్నెండు పోస్టర్లు, నాలుగు రీల్స్ ఉంటాయి, ఆ పోస్టర్లలో సగం పండగ శుభాకాంక్షలే. వినాయక చవితికి మీరు చెప్పే శుభాకాంక్షల కోసం ఎవరూ ఎదురుచూడట్లేదు. తీసుకోవాలనుకుంటే పేజీ, యాడ్ అకౌంట్, గూగుల్ ప్రొఫైల్ మీ సొంత మెయిల్ మీద ఉండాలి, వాళ్లకి మేనేజర్‌గా యాక్సెస్ ఇస్తే చాలు. వాళ్ల అకౌంట్‌లో నడిపిస్తే మానేసిన రోజున రివ్యూలూ, ఫాలోవర్లూ, యాడ్స్ రికార్డూ అన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. యాడ్‌కి పోయేదెంత, వాళ్ల ఫీజెంత అని విడివిడిగా బిల్లు అడగండి.

ఏ నెలలో పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. దసరా, దీపావళికి పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు, నగల షాపులు అన్నీ యాడ్స్ వేలంలోకి దిగుతాయి, అప్పుడు అదే కస్టమర్‌కి కనిపించడానికి మీకు ఎక్కువ పడుతుంది. బొటిక్‌వాళ్లు ఆషాఢంలోనే మొదలుపెడితే శ్రావణ మాసం పెళ్లిళ్లకి, వరలక్ష్మీ వ్రతానికి ఆర్డర్లు ముందే చేతిలో ఉంటాయి, శ్రావణం వచ్చాక యాడ్ వేస్తే ఆర్డర్లు వచ్చినా కుట్టి ఇవ్వలేరు. ఏసీ సర్వీసువాళ్లకి ఫిబ్రవరి చివర. ట్యూషన్లకి బళ్లు తెరిచే జూన్ కంటే ముందు మే నెల. పచ్చళ్లవాళ్లకి ఆవకాయ రోజులు ఎలాగూ ఉన్నాయి గానీ, అమెరికాలో చదువులకి వెళ్లే పిల్లల తల్లులు సూట్‌కేసులు సర్దేది జులై, ఆగస్టుల్లో. ఆ రెండు నెలలూ లీకవ్వని ప్యాకింగ్ చూపించే రీల్ ఒకటి, రోజుకి రెండొందల యాడ్ ఒకటి చాలు.